మా ఆయన స్టాప్‌వాచ్

మా ఆయన చక్రధర్‌కు నిదానంగా జరిగే పని ఏదీ నచ్చదు. అన్నం నిదానంగా ఉడికితే నచ్చదు, నేను చీర నిదానంగా కట్టుకుంటే అసలే నచ్చదు. సింగపూర్‌లో మేముండే జురాంగ్ ఈస్ట్‌లో రైలెక్కేటప్పుడు, దిగబోయే స్టేషన్లో ఏ తలుపు ఎస్కలేటర్‌కు ఎదురుగా వస్తుందో చూసుకుని ఆ తలుపు దగ్గరే నిలబడతారు. ఇంత హడావిడీ చేసి మిగుల్చుకున్న సమయంతో ఏం చేస్తారయ్యా అంటే, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఆఫీసు కింద కాఫీ కప్పు పట్టుకుని నిలబడి, వెనక వస్తున్నవాళ్ళు ఎంత మెల్లగా నడుస్తున్నారో చూసి బాధపడతారు.

మా పెళ్ళిచూపులు కాకినాడలో జరిగాయి. నేను కాఫీ ఇచ్చి కూర్చునే లోపే ఈయన సరే అనేశారు. పిల్ల అంతగా నచ్చేసిందని మా అమ్మ మురిసిపోయింది. పెళ్ళయ్యాక తెలిసింది, ఆ రోజు ఈయనగారికి రైలు టైమైందట. ఇన్నేళ్ళయినా ఆ సంగతి గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన ఉద్యోగం ఒక అమెరికన్ బ్యాంకులో. ఏం చేస్తే బ్యాంకు మునుగుతుందో ముందే లెక్కగట్టి చెప్పడం ఆయన పని. న్యూయార్క్‌లో ఉన్న పెద్దలు ఫోన్ మీటింగుకు రాగానే మొదట వాళ్ళ ఫుట్‌బాల్ కబుర్లు చెప్పుకుని, ఆ తర్వాతే పనిలోకి వస్తారు. ఆ కాసేపూ నోరు మూసుకుని కూర్చోవడం నామోషీ అనిపించి ఈయన ఆ ఆట చూడ్డం మొదలుపెట్టారు. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదది. కోడిగుడ్డును రెండు వైపులా సాగదీసినట్టుండే బంతిని చేత్తో విసిరే అమెరికా ఫుట్‌బాల్. ఒకడు వెనక నిలబడి విసురుతాడు, ముందుకు పరిగెత్తినవాడు పట్టుకుంటాడు. ఆ పట్టుకునేవాణ్ణి రిసీవర్ అంటారు. వాళ్ళు ఆదివారం ఆడే ఆట మనకు సోమవారం తెల్లవారుజామున వస్తుంది కాబట్టి, మా ఇంట్లో సోమవారాలు దేవుడి పాటలు మానేసి ఆ అరుపులు వినడం అలవాటైపోయింది.

ఆయన పక్కన కూర్చుని చూసేది మా అమ్మాయి కీర్తిక. చిన్నప్పటి నుంచీ స్కూలు యూనిఫాం వేసుకుని, పాలగ్లాసు పట్టుకుని, నాన్న భుజానికి ఆనుకుని కూర్చునేది. మిగతా వారమంతా ఆయనుంటే మీటింగులో ఉంటారు, లేకపోతే రైల్లో ఉంటారు. పిల్లకు నాన్న దొరికేది ఆ కాసేపే. ఇద్దరూ టీవీ వైపు వేళ్ళు చూపిస్తూ ఏవేవో వాదించుకునేవాళ్ళు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా దోసెలు సోఫా దగ్గరికే తెచ్చి ఇచ్చేదాన్ని.

కీర్తిక ఇప్పుడు పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. వేగానికి వాళ్ళ నాన్న ఎంతో, నిదానానికి అదంత. రోజూ ఏదో ఒకటి మరిచిపోయే గుమ్మం దాకా వెళుతుంది. నేను వంటింట్లోంచి విసురుతాను. రైలు కార్డు, గొడుగు, మూత బిగించిన టిఫిన్ డబ్బా, కోపం మరీ ఎక్కువైతే కమలాపండు. కిటికీలోంచి కిందికి విసిరితే ఈ దేశంలో పోలీసులొస్తారు కాబట్టి నా ప్రతాపమంతా వంటింటి నుంచి గుమ్మం వరకే. ఆ పిల్ల ఫోను చూసుకుంటూనే, తలైనా తిప్పకుండా చెయ్యి చాపి పట్టేసుకుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కటి కింద పడి ఎరగను. దాన్ని ఎవరం విద్య అనుకోలేదు. నేనైతే ఒంగి తీసుకోవాలంటే బద్ధకం కాబట్టి పట్టుకుంటోంది అనుకున్నాను.

ఆ బ్యాంకువాళ్ళు ఏటా ఉద్యోగులకూ, వాళ్ళ ఇళ్ళలోని పెద్దపిల్లలకూ ఫ్లాగ్ ఫుట్‌బాల్ పోటీలు పెడతారు. ఇందులో మనిషిని పడదొయ్యడం ఉండదు. నడుముకు రిబ్బన్లు కట్టుకుంటారు, బంతి ఉన్నవాడి రిబ్బను లాగేస్తే ఆట అక్కడికి ఆగుతుంది. కెప్టెన్లంతా ఒకచోట చేరి, వంతులవారీగా ఒక్కో పేరు చెప్పి మనుషుల్ని తీసుకుంటారు. దానికే డ్రాఫ్ట్ అని పేరు. మా ఆయన ఒక జట్టుకు కెప్టెన్. వరసగా రెండేళ్ళు ఆయన జట్టు ఫైనల్ మొహం చూడలేదు. ఈసారీ చూడకపోతే కెప్టెన్సీ ఇంకొకరికి ఇస్తామని ఆఫీసువాళ్ళు నవ్వుతూనే చెప్పారట. నవ్వుతూ చెప్పిన మాటకే ఈయనకు నిద్ర పట్టడం మానేసింది.

ఆ ఏడు కీర్తిక కూడా పేరిచ్చింది. వాళ్ళ నాన్నకు చెప్పలేదు, నాకు మాత్రం రొట్టెలు ఒత్తుతుంటే పక్కకొచ్చి, ఇక్కడివాళ్ళలాగే మాట చివర ఒక లా తగిలించి చెప్పింది.

"నాన్న నన్ను పిక్ చేస్తే చాలమ్మా. గెలవకపోయినా ఓకే లా."

అంతే. దానికి కప్పు అక్కర్లేదు, మెడలో పతకం అక్కర్లేదు. నలుగురి ముందూ వాళ్ళ నాన్న నోటి వెంట తన పేరు రావాలి. నాకేమో కళ్ళు చెమర్చాయి, పిండి చేతులతో తుడుచుకోలేక అలాగే రొట్టె కాల్చాను.

డ్రాఫ్ట్‌కు ముందు ఒక శనివారం పొద్దున్న అందర్నీ మైదానంలో పరిగెత్తించి చూశారు. ఇది మా ఆయన పెట్టిన పద్ధతే. అమెరికాలో పెద్ద జట్లవాళ్ళు కుర్రాళ్ళను తీసుకునే ముందు నలభై గజాలు పరిగెత్తించి టైము చూస్తారట. మరి బంతి పట్టుకోవడం చూడరా అని నేనడిగితే, చూస్తారు గానీ అది నేర్పితే వచ్చే పని, కాళ్ళ వేగం పుట్టుకతో రావలసిందే అన్నారు. బంతి విసిరే చోటికి మనిషి ముందు చేరాలి కదా, చేరనివాడి చేతులు ఎంత గొప్పవైతే ఏం లాభం అన్నారు. మాట సబబుగానే ఉంది. ఆయన మాటలన్నీ సబబుగానే ఉంటాయి, అదే నా ఏడుపు.

ముందు లోహిత్ పరిగెత్తాడు. కరీంనగర్ కుర్రాడు, ఉద్యోగంలో కొత్తగా చేరాడు. మా ఆయన స్టాప్‌వాచ్ చూసుకుని, నమ్మబుద్ధి కాక దాన్ని విదిలించి మళ్ళీ చూసుకున్నారు. గీత దాటాక కూడా ఆగలేక, అక్కడ నిలబడ్డ బసవయ్య గారి కాలు తొక్కేసి చాలా దూరం వెళ్ళిపోయాడు ఆ అబ్బాయి. బసవయ్య గారు ఎప్పుడో అనంతపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, జీతాల విభాగంలో పనిచేస్తారు, రేపో మాపో రిటైరవుతారు. మోకాళ్ళు అరిగిపోయినా ఏటా పేరిస్తారు, ఏటా చివరికి మిగులుతారు, ఎవరో ఒకరు మొహమాటపడి తీసుకుంటారు. లోహిత్ అంత దూరం నుంచీ వెనక్కి వచ్చి, వంగి, ఆయన బూటు తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. కాలు తగిలితే మనమంతా చేసేదే అది. కానీ ఈ అబ్బాయి గుళ్ళో మొక్కినంత భక్తిగా చేశాడు. బసవయ్య గారు కూడా చల్లగా ఉండు నాయనా అని తలమీద చెయ్యి పెట్టి దీవించారు. మా ఆయన ఇదేం చూడలేదు, ఆయన కళ్ళు స్టాప్‌వాచ్ మీదున్నాయి. చూసింది గీతాంజలి. ఆఫీసులో ఆయన పక్క సీటే, ఇంకో జట్టుకు కెప్టెన్. మాట తక్కువ, గమనింపు ఎక్కువ.

తర్వాత కీర్తిక పరిగెత్తింది. గీత దగ్గరికి వచ్చింది. వచ్చింది అంటే, ఎప్పటికో వచ్చింది. మా ఆయన మొహంలో కూతురు పరిగెత్తిందన్న సంతోషం లేదు, బ్యాంకు మునిగేట్టుందన్న దిగులుంది.

డ్రాఫ్ట్ ఆఫీసు పాంట్రీలో పెట్టారు. ఇళ్ళవాళ్ళం కూడా వెళ్ళాం, సమోసాలూ చట్నీ ఉన్నాయి. మా ఆయన మొదటి వంతులోనే లోహిత్ పేరు చెప్పేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన వంతు వచ్చినప్పుడల్లా కీర్తిక కుర్చీలో కాస్త నిటారుగా కూర్చునేది, ఇంకో పేరు వినగానే మళ్ళీ వెనక్కి వాలేది. చివరికి ముగ్గురు మిగిలారు. కీర్తిక, బసవయ్య గారు, ఆకాష్ అని ఒక అబ్బాయి. ఆ ఆకాష్ పరుగు పరీక్ష అయిన మర్నాడే కాలు బెణకడంతో ఇంత లావున పట్టీ కట్టుకుని ఉన్నాడు. మా ఆయన ముగ్గుర్నీ చూశారు, టైములు రాసుకున్న కాగితంలోకి చూశారు, ఆకాష్ అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. కాలు బెణకక ముందు వాడి టైము బాగుందట!

మిగిలిన ఇద్దరూ నాకే కావాలి అంది గీతాంజలి, ఎదురుచూస్తున్నదానిలా. కీర్తిక అందరితో పాటు చప్పట్లు కొట్టింది. తర్వాత లేచి వెళ్ళి, ప్లేట్లో రెండు సమోసాలు పెట్టి, చట్నీ వేసి, తెచ్చి వాళ్ళ నాన్న చేతికిచ్చింది. అది ఏడ్చినా నేను తట్టుకునేదాన్నేమో గానీ ఆ ప్లేటు చూసి తట్టుకోలేకపోయాను.

ఇంటికొచ్చాక కీర్తిక గదిలోకెళ్ళి తలుపేసుకుంది. నేను ఊరుకుంటానా?

"ఏమండీ, కుంటుతున్నవాణ్ణి తీసుకున్నారు, కన్నకూతుర్ని వదిలేశారు. మీకసలు బుద్ధుందా?"

"కూతురని తీసుకుంటే నలుగురూ ఏమంటారు కాత్యాయనీ? టైము అందరికీ ఒకటే కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న కమలాపండు విసిరాను. ఆయన పట్టుకోలేకపోయారు, అది వెళ్ళి భుజానికి తగిలింది. అది ఇంకా దోరగా ఉన్న పండు, కాస్త గట్టిగానే తగిలిందనుకుంటాను.

ఆ తర్వాతి సోమవారం నుంచీ కీర్తిక సోఫా దగ్గరికి రాలేదు. క్లాసుందని పెందలాడే తయారై వెళ్ళిపోయేది. ఈయన సోఫాలో ఒక పక్కకే కూర్చుని, రెండో పక్క ఖాళీగా ఉంచి, మాటిమాటికీ దాని గది వైపు చూసేవారు. మంచి ఆట నడుస్తుంటే టీవీ శబ్దం పెంచేవారు, దానికి వినపడుతుందని. అది రాలేదు. నేను దోసె తేలేదు. ఆ మనిషిని చూస్తే నాకు జాలి కూడా వేసింది, కానీ బయటపడలేదు.

పోటీలు మొదలయ్యాయి. అన్యాయంగా మాట్లాడకూడదు, వేగం పనిచేసింది. మొదటి రెండు ఆటల్లో మా ఆయన బంతి విసరడం, లోహిత్ ఎవరికీ అందకుండా వెళ్ళి దాన్ని పట్టుకోవడం. పది విసిరితే సగం జారవిడిచినా, పట్టుకున్న సగానికీ వాణ్ణి వెంటాడి అందుకున్నవాడు లేడు. మా ఆయన నడకే మారిపోయింది. చూశావా కాత్యాయనీ అని నాతో ఇంటి దాకా అంటూనే ఉన్నారు. పట్టీ కట్టుకున్న ఆకాష్ మాత్రం బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలకు కాపలా కాశాడు.

మూడో ఆట గీతాంజలి జట్టుతో. గెలిచినవాళ్ళు ఫైనల్‌కు వెళతారు. ఆ రోజు లోహిత్‌ను కాయడానికి గీతాంజలి ఎవర్ని నిలబెట్టిందో చూసి మా ఆయన పకపకా నవ్వారు. బసవయ్య గారిని.

ఆట మొదలైంది. లోహిత్ రివ్వున బయలుదేరాడు. బసవయ్య గారు పరిగెత్తలేదు, పక్కకూ జరగలేదు, ఆయన మానాన ఆయన నిలబడ్డారు. పక్కనుంచి పోతున్న లోహిత్ కాలు ఆయన కాలికి తగిలింది. అంతే, బ్రేకు వేసినట్టు ఆగి, వెనక్కి తిరిగి, వంగి, ఆయన బూటు తాకి కళ్ళకద్దుకున్నాడు. బంతి వాడి నెత్తి మీదుగా వెళ్ళి గడ్డిలో పడింది. బసవయ్య గారు అలవాటు చొప్పున దీవించారు. రెఫరీ చైనీస్ అబ్బాయి, దెబ్బ తగిలిందేమోనని ఈల వేసి పరిగెత్తుకొచ్చాడు. దెబ్బ కాదు, మా వాళ్ళ మర్యాద అని అతనికి విప్పిచెప్పేసరికి గీతాంజలికి నాలుక తడారిపోయింది.

"గట్లెట్ల ఆగుతవ్ లోహిత్? ఉరకమన్న కదా!" అని వాడి యాసలోనే అరిచారు మా ఆయన, వాడికి బాగా అర్థం కావాలని.

"పెద్దమనిషికి కాలు తాకింది అంకుల్. ఉరికితే మంచిగుంటదా?"

అక్కడినుంచి ఇంకా ఘోరం. మళ్ళీ కాలు తగులుతుందేమోనన్న భయంతో లోహిత్ బసవయ్య గారికి అల్లంత దూరం నుంచి, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు. వాడు చుట్టు తిరిగి వచ్చేసరికి బంతి ఎప్పుడో పడి ఉండేది. బసవయ్య గారు ఒక కాలు కాస్త ముందుకు పెట్టుకుని నిలబడితే చాలు, సింగపూర్ మొత్తానికీ వేగమైన ఆ కుర్రాడు కట్టేసినట్టు అయిపోయేవాడు. కావాలనే చేశారా అని తర్వాత నేనడిగితే, ఆయన సమోసా నములుతూ నవ్వారు.

"నేనేం చేస్తినమ్మా? అయ్యో, అలమాక్, నా కాళ్ళు యాడుండాలో ఆడే ఉండె కదా."

అయినా ఆటలో మా ఆయన జట్టే కాస్త ముందుంది, ఎందుకంటే మా ఆయన ఊరుకునే మనిషి కాదు, తానే బంతి పట్టుకుని నిప్పులు తొక్కినట్టు ఉరికారు. ఆఖరుకు ఒక్క విసురు మిగిలింది. బంతి గీతాంజలి చేతిలో ఉంది. అది ఎవరో ఒకరు మైదానం చివరి గీతకు అవతల పట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు, లేకపోతే మా ఆయన జట్టు ఫైనల్‌కు వెళ్ళినట్టు. కీర్తికను నేను చూసుకుంటాను అన్నారు మా ఆయన. అని, దానికి బాగా ఎడంగా వెళ్ళి నిలబడ్డారు. ఆయన లెక్క ప్రకారం బంతి గీత చేరేలోపు ఆ పిల్ల గీత చేరలేదు. అందుకని ఆయన చూపంతా మిగతావాళ్ళ మీదే.

కీర్తిక నిజంగానే మెల్లగా వెళ్ళింది. అయితే ఎప్పుడో బయలుదేరింది. ఈసారి బసవయ్య గారిని కాయాల్సి వచ్చి, ఎక్కడ కాలు తగులుతుందోనని దూరదూరంగా జరుగుతున్న లోహిత్‌ను చూసి అందరూ నవ్వుకుంటుండగానే అది గీత వైపు జరుగుతూ జరుగుతూ పోయి ఒక కాలు అవతల పెట్టేసింది. గీతాంజలి ఎవరో మీదికొస్తుంటే కంగారుపడి విసిరింది. బంతి ఎత్తుగా, అడ్డదిడ్డంగా, కీర్తిక వీపు వెనక్కి పోయింది. గట్టు మీద నిలబడ్డ నేను ఆ దారిని గుర్తుపట్టాను. కోపంలో నేను విసిరిన టిఫిన్ డబ్బా సరిగ్గా అలాగే పోతుంది. కీర్తిక తల కూడా పూర్తిగా తిప్పలేదు. రెండు చేతులూ వెనక్కి చాచింది, బంతి వచ్చి అందులో కూర్చుంది.

మా ఆయన ఎగిరి వెళ్ళి దాని రిబ్బను లాగారు. ఆయన రిబ్బను పట్టుకుని నిలబడ్డారు, అది గీతకు అవతల బంతి పట్టుకుని నిలబడింది. నేను మొగుడు ఓడిపోయాడని కూడా చూసుకోకుండా గొంతు చించుకుని అరిచాను.

"ఎలా పట్టావే?" అన్నారాయన, ఆయాసపడుతూ.

"అమ్మ త్రో ఇంకా ఫాస్ట్ నాన్నా."

ఆట అయ్యాక అందరూ మకాన్ అంటూ తిండి దగ్గర చేరారు. వచ్చే ఏడాది చక్రధర్ జట్టును ఎవరు నడపాలని ఆఫీసువాళ్ళు అడిగితే గీతాంజలి కీర్తిక పేరు చెప్పింది. ఒప్పుకున్నవాళ్ళంతా చేతులెత్తారు. మా ఆయన కూడా ఎత్తారు, అందరి తర్వాత. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఆలస్యంగా చేసిన పని నేను చూసింది అదొక్కటే.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన ఏ తలుపూ చూసుకోలేదు. ఎదురుగా ఏది తెరుచుకుంటే అందులోకి ఎక్కి, కీర్తిక పక్కన కూర్చున్నారు. నేను ఎదురు సీట్లో కూర్చుని కిటికీలోకి చూస్తున్నట్టు నటించాను. రైలు పాయా లేబర్ స్టేషన్ దాటింది.

"నిన్ను తీసుకోవాల్సింది నాన్నా నేను," అన్నారాయన. కూతుర్ని ముద్దుగా నాన్నా అనడం ఆయన ఎప్పుడో మానేశారు. "టైము చూశాను గానీ నిన్ను చూడలేదు. తప్పు చేశాను."

అది ఫోను మీంచి కళ్ళెత్తలేదు. "ఆ రోజు చాలా ఏడ్చాను," అంది. తర్వాత ఫోను ఒళ్ళో పెట్టుకుని, "ఆకాష్‌కి బ్యాండేజ్ ఉంది నాన్నా. బ్యాండేజ్!"

"తెలుసమ్మా," అన్నారాయన, తలదించుకుని. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండిటినీ దగ్గు కింద సర్దేశాను.

జురాంగ్ ఈస్ట్‌లో దిగి మా బ్లాక్ కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లోకి వచ్చాక, ఆయన మా ఇద్దరికీ అడ్డంగా వచ్చి నిలబడ్డారు. చిన్నపిల్లాడు బొమ్మ అడిగినట్టు అడిగారు, వచ్చే ఏడు నీ జట్టులోకి నన్ను తీసుకుంటావా అని.

కీర్తిక ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఫోను తీసి స్టాప్‌వాచ్ తెరిచింది. "ఫస్ట్ రన్ లా."

ఆయన వెంటనే జేబులు ఖాళీ చేశారు. పర్సూ, తాళాలూ, కళ్ళద్దాలూ నా చేతిలో పెట్టారు. రాతి బల్లల దగ్గర చదరంగం ఆడుకుంటున్న చైనీస్ ముసలాళ్ళు ఆట ఆపి చూశారు. ఈ చివరి స్తంభం నుంచి ఆ చివరి స్తంభం దాకా ఆయన పరిగెత్తారు. పొద్దుటి నుంచీ ఆడి ఆడి ఉన్నారేమో, మోకాలు సహకరించలేదు, బొజ్జ ముందుకీ ఆయన వెనక్కీ పోయారు. ఆయన జన్మలో అంత మెల్లగా పరిగెత్తి ఉండరు. కీర్తిక ఫోను గుండెకు ఆనించుకుని, నవ్వకుండా, కదలకుండా చూసింది. నేను దాని వెనకే ఉన్నాను కాబట్టి నాకు కనపడింది. స్టాప్‌వాచ్‌లో అన్నీ సున్నాలే. అది అసలు బటనే నొక్కలేదు.

"ఎంతొచ్చింది?" అని అక్కణ్ణించే అడిగారాయన, స్తంభం పట్టుకుని రొప్పుతూ.

"నిన్ను తీసుకున్నాను నాన్నా."

"అది సరేనే, టైమెంత?"

"టైము చూడలేదు," అంది కీర్తిక. "నిన్ను చూస్తున్నాను."

ఆయన ఆ స్తంభానికి ఆనుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు, నేను కూడా తొందరపెట్టలేదు.